ఇంటి రిఫ్రిజిరేటరు: చలి నిలుకడ తప్పుటకు కారణములు

పట్టణవాసులమైన మనవారి యిండ్లలో రిఫ్రిజిరేటరు లేని వంటిల్లు నేడు అరుదు. తమిళసోదరులు దీనిని ‘కుళిర్‌సాధన పెట్టి’ యందురు. కన్నడసోదరులలో చమత్కారులు దీనికి ‘తంగళు పెట్టిగె’ యని, అనగా చద్దిపెట్టె యని, పేరిడినారు. మనము ఫ్రిజ్జని యూరకుందుము. పేరేదైనను దాని బాధ్యత స్వల్పమైనది కాదు. బిడ్డ బడికి గొనిపోవు అన్నములోని పెరుగు, రేపటి దోసెపిండి, చంటిపాపకు కాచియుంచిన పాలు, మధుమేహముగల బిడ్డకు ప్రతిదినము కావలసిన ఇన్సులిన్ – ఇవన్నియు దానిని నమ్మియున్నవి.

అట్టి పెట్టె ఒక్కొక్కప్పుడు నిలుకడ తప్పును. ఒకనాడు కొత్తిమీర మంచుపట్టి నల్లబడును. మరునాడు పాలు విరుగును. మరమ్మతు చేయువానిని పిలిచినచో అతడు తలుపు తీసి, లోన చేయిపెట్టి చూచి, “గ్యాసు పోయినదండీ” అని చెప్పుట కద్దు. ఆ వృత్తివారందరు అట్టివారని మా తాత్పర్యము గాదు. కాని ఒకసారి చల్లగను ఒకసారి వెచ్చగను ఉండు పెట్టెలో మొదట అనుమానింపవలసినది గ్యాసును గాదు. ఈ యొక్క సంగతిని విశదపరచుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆ పెట్టె యేమి చేయుచున్నదో మొదట తెలియవలెను. అది చలిని పుట్టించునని తలంతుము. చలి యను పదార్థమొకటి లేదు. లోపలి వేడిని దీసి వెలుపల పారబోయుటయే దాని పని. వేసవిలో కూజానీరు చల్లబడుట యెట్లు? కూజా యొడలినుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, అందులకు కావలసిన వేడిని లోపలి నీటినుండి గైకొనును. రిఫ్రిజిరేటరు గొట్టములలోను ఇదియే జరుగును. అందలి ద్రవము మంచుగదిని చుట్టియున్న గొట్టములలో ఆవిరియై లోపలి వేడిని త్రాగును. కంప్రెసరు ఆ యావిరిని పీల్చి, నొక్కి, వెనుకనో ప్రక్కలనో ఉన్న గొట్టములలోనికి త్రోయును. అచ్చట అది తన వేడిని వంటింటి గాలికి విడిచి మరల ద్రవమగును. కూజానీరు గాలిలో కలసిపోవును గనుక మరల నింపవలెను. ఇచ్చటి ద్రవము మూతబడిన గొట్టములలో తిరిగినదే తిరుగుచుండును. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత దీనితో పనియున్నది.

యంత్రము లేని కాలమున మంచును కాపాడిన విధము ఇచ్చట చెప్పదగియున్నది. 1833లో అమెరికాలోని బోస్టన్ నుండి బయలుదేరిన యోడ నాలుగు నెలలు ప్రయాణముచేసి కలకత్తాకు మంచుగడ్డలు చేర్చినది. అట్టి మంచును నిలువచేయుటకు 1842లో మదరాసు సముద్రతీరమున కట్టిన ఐస్‌హౌసు నేడు వివేకానందుని పేర వెలయుచున్నది. ఆ వర్తకులు మంచును రంపపుపొట్టులో కప్పిరి. వేడిని లోనికి రానీయకుండుటయే వారి విద్య. నేటి పెట్టెకును సగము బలము ఆ విద్యయే. తక్కిన సగమే కంప్రెసరు.

ఇక లోన ఎంత చలి యుండవలెనన్న, ఆహారమునకు 5 డిగ్రీల సెల్సియసుకు మించరాదు; మంచుగదిలో సున్నకు దిగువ 18 డిగ్రీలు ఉండవలెను. 5 మొదలు 60 డిగ్రీలవరకు గల నడిమి వేడిలో రోగకారకములగు సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిబొందును. తెరువని ఇన్సులిన్‌ను 2కు 8కి నడుమ నుంచవలెను. గడ్డకట్టిన ఇన్సులిన్ కరగినపిదప చూచుటకు మామూలుగనే యుండవచ్చును. ఐనను అది వాడదగదు, పారవేయవలసినదే. కావున దానిని మంచుగదికి దగ్గరగాని, వెనుకగోడకు ఆనించిగాని పెట్టరాదు. తలుపు అరయు తగదు. తలుపు తెరచినప్పుడెల్ల అచ్చటి వేడి మారుచుండును. నడిమి అరలో ముందువైపున ఒక చిన్న డబ్బాలో నుంచుట మేలు.

లోపలి మీటమీద 1 మొదలు 5 వరకో 7 వరకో ఉన్న అంకెలు డిగ్రీలు గావు. సాధారణముగ అంకె పెరిగినకొలది చలి పెరుగును, అంతియే. 5 అంకెకు త్రిప్పి 5 డిగ్రీలైనదని తృప్తిపడినవారిని మేమెరుగుదుము. చేయిపెట్టి చూచుటయు కొలత గాదు. రిఫ్రిజిరేటరు కొరకై అమ్ము చిన్న థర్మామీటరు నొకదానిని కొనవలెను. జ్వరము చూచు థర్మామీటరు దీనికి పనికిరాదు. దాని కొలత 35 డిగ్రీల ప్రాంతమునగాని మొదలుకాదు. ఒక గ్లాసునిండ నీరుపోసి, అందు థర్మామీటరునుంచి, నడిమి అరలో రాత్రియంత విడిచి, తెల్లవారి తలుపు తీయగనే చూడవలెను. నీటిలో నేల యన్న, లోపలి గాలి వేడి కంప్రెసరు నడచినప్పుడు దిగుచు, ఆగినప్పుడు ఎక్కుచు నుండుట సహజము. ఆ సహజమైన ఊగులాటనే దోషమని భ్రమపడుట కలదు. నీరు ఆ యూగులాటను అణచి సగటును చూపును. ఎనిమిదవ తరగతి చదువు బిడ్డ కీ పని యప్పగించి, మూడుదినములు ఉదయసాయంకాలములు అంకెలు వ్రాయించి, గళ్ళకాగితముమీద గీత గీయించినచో, ఇంటికి ఉపకారము, బిడ్డకు లెక్కలలో అభ్యాసము.

ఆ గీత ఎగుడుదిగుడుగ నున్నచో వెదుకవలసినవి మన యలవాట్లు. పండుగనాడు నాలుగు లీటర్ల పులుసు పొగలు గ్రక్కుచుండగనే లోన పెట్టుదురు. 80 డిగ్రీలనుండి 5కు దానిని దించుటకు సుమారు 1,250 కిలోజౌళ్ళ వేడిని తీసివేయవలెను. సుమారు నాలుగు కిలోల మంచును కరగించుటకు చాలునంత వేడి యది. ఆ వేడి మొదట ప్రక్కనున్న పాలగిన్నెకును పెరుగునకును ప్రాకును. వెడల్పైన పళ్ళెములలో పోసి చల్లార్చి, రెండుగంటలు మించకమునుపే లోన పెట్టవలెను. గిన్నెలను క్రిక్కిరియ పేర్చినను గాలి తిరుగదు. ఒక మూల గడ్డకట్టును, ఒక మూల వెచ్చబడును. కొత్తిమీర నల్లబడుటయు పాలు విరుగుటయు ఒకే పెట్టెలో జరుగుట కిదియే తరచు కారణము.

తలుపు అంచున నుండు రబ్బరుపట్టీని చూడవలెను. పదిరూపాయల నోటును తలుపు సందున పెట్టి మూసి లాగినప్పుడు, అది బిగువుగ రాక జారివచ్చినచో అచ్చటినుండి గాలి దూరుచున్నదని యర్థము. జిడ్డైనచో గోరువెచ్చని సబ్బునీటితో తుడిచిన చాలును, చిట్లినచో మార్పింపవలెను. పెట్టె ముందరికాళ్ళను రవంత యెత్తుగ నుంచిన తలుపు తనంతట మూతబడును.

మంచు సంగతి కొంత విపులముగ చెప్పవలసియున్నది. మంచు ఎక్కువగ పట్టినకొలది పెట్టె చక్కగ పనిచేయుచున్నదని పలువురి నమ్మకము. సత్యము దీనికి విపరీతము. మంచు పొర గొట్టములకు కప్పిన కంబళివంటిది. లోపలి వేడి గొట్టములను చేరనీయదు. ఒంటితలుపు పెట్టెలలో అయిదారు మిల్లీమీటర్ల మందము కాగానే కరగింపవలెను. కరగించుటయనగా మీట నొక్కియో, కరెంటు ఆపి తలుపు తెరచియో వేచియుండుట. కత్తితోను అట్లకాడతోను పొడుచుట గాదు. ఆ మంచుక్రింది అల్యూమినియము రేకు బహుపలుచన. ఒక్క పోటుతో దానికి రంధ్రము పడినచో గ్యాసు నిజముగనే పోవును.

మంచుపట్టని రకమని అమ్ము రెండుతలుపుల పెట్టెలలో మంచు పట్టకపోదు. మనకు కానరాని గొట్టములపై పట్టును. దానిని దినమున కొకటి రెండుమారులు కరగించుటకు ఒక చిన్న హీటరు కలదు. ఒక ఫాను ఆ చల్లనిగాలిని రంధ్రములద్వారా క్రింది గదికి పంపును. హీటరుగాని, దానిని నడపు సాధనముగాని చెడినచో మంచు పేరుకొని గాలిదారి మూతబడును. పైగదిలో నీరు గడ్డకట్టుచునే యుండును, క్రింద పాలు విరుగుచుండును. దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. పెట్టెను ఖాళీచేసి, కరెంటు ఆపి, తలుపులు తెరచి 24 గంటలు విడిచి, మరల నడిపింపుడు. నాలుగైదు దినములు చక్కగ నడచి మరల పూర్వపుదారి పట్టినచో, దోషము కరగించు ఏర్పాటులోనిదని దాదాపు నిశ్చయింపవచ్చును. గ్యాసు పోయినపెట్టె ఇట్లు నాలుగుదినములు బాగుపడదు. గాలిరంధ్రములకు అడ్డముగ మనమే డబ్బాలు పెట్టియుండుటయు కలదు. ముందుగ అది చూచుకొనవలెను.

పెట్టె తీసిన వేడి వెలుపలికి పోవుటకు దారియుండవలెను. గోడకు అంటించి, పైన అల్లికగుడ్డ కప్పి, వెనుకగొట్టములపై బూజు పేరనిచ్చినచో వేడి యెచ్చటికి పోవును? కొన్ని కొత్తరకములలో ప్రక్కగోడలు వెచ్చబడుట దోషము గాదు. గొట్టములు ఆ గోడలలోనే యున్నవి. పెట్టెమీది పట్టీలో టి అను అక్షరముతో గుర్తించిన తరగతి 16 మొదలు 43 డిగ్రీల గదివేడికి ఏర్పడినది. బళ్ళారి, రాయచూరు ప్రాంతములలో వేసవిని ఎండ 40 దాటుట మనవారికి క్రొత్తగాదు. పొయ్యిప్రక్కన నున్న పెట్టెకు ఆ హద్దు త్వరగా వచ్చును.

కరెంటు తగ్గుదలయు నిలుకడను చెరచును. వోల్టేజి చాలనప్పుడు కంప్రెసరు లేవజాలక, టక్కుమని శబ్దము చేసి ఆగి, కొన్ని నిమిషములకు మరల ప్రయత్నించుచుండును. దీపము మసకబారు సాయంకాలముననే పెట్టె వెచ్చబడుచున్నచో కారణము గోడలోని ప్లగ్గులో నున్నది. స్టెబిలైజరు వలయునా వలదా యన్నది పెట్టెతో వచ్చిన పుస్తకమును జూచి తెలిసికొనవలెను. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకున్నచో నాలుగు గంటలవరకు లోపలి చలి నిలుచును. ఎంతసేపు నిలిచినదో చూతమని తలుపు తీయువారు లేకపోలేదు.

ప్రసంగవశమున మరియొక జాతి పెట్టెను గూర్చి చెప్పుదుము. అమెరికాలో వంటిల్లు, పడకగది అమర్చిన ప్రయాణపుబండ్లు కలవు. మనవారి బిడ్డలలో అచ్చట స్థిరపడినవారు సెలవులలో అట్టివి అద్దెకు గొనుటయు కలదు. వానిలోని పెట్టెలు పెక్కింటికి కంప్రెసరు లేదు; గ్యాసుమంటతోనే చలిని కలిగించును. 1922లో స్టాక్‌హోములో విద్యార్థులుగ నున్న ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనువారు దీనిని కల్పించిరి. అమ్మోనియా, నీరు, హైడ్రోజను గొట్టములలో తమ బరువుచేతను మంటవేడిచేతను తిరుగును. కావున బండి యేటవాలుగ నిలిచినచో ద్రవము ఒకచోట నిలిచిపోయి చలి తప్పును. అట్లే చాలసేపు నడిపిన గొట్టములు శాశ్వతముగ చెడును. అట్టివారు మొదట చూడవలసినది బండి సమతలముగ నున్నదా యని. పిదప, మంట నీలముగ మండుచున్నదా, వెనుక గాలిదారులు తెరచియున్నవా యని. అమ్మోనియా ఘాటు వాసన వచ్చినచో ఆర్పి దూరముగ పోవలెను.

ఇక గ్యాసు. అది వంటగ్యాసువలె ఖర్చయ్యెడు వస్తువు గాదని ముందే చెప్పితిమి. పది సంవత్సరములు నడచిన పెట్టెలోను పెట్టినంతయు ఉండవలసినదే. తగ్గినదన్న ఎచ్చటనో రంధ్రమున్నదన్నమాట. అట్టి పెట్టె లక్షణములు వేరు: కంప్రెసరు ఆగకుండ నడచుచుండును, మంచు గొట్టములపై ఒక కొసనే పట్టి తక్కినభాగము పొడిగ నుండును, చలి దినదినము క్షీణించునేగాని వచ్చి పోవుచుండదు. అప్పుడు మరమ్మతు చేయువానిని నాలుగు మాటలడుగవలెను: రంధ్రమెచ్చట కనబడినది? దానిని మూసినారా? ఫిల్టరు మార్చి, పంపుతో గొట్టములలోని గాలిని తోడినారా? గ్యాసును తూచి నింపుచున్నారా? నేటి యింటిపెట్టెలలో చాలవానియందుండు ఆర్ 600ఎ అను ఐసోబ్యూటేను కొన్ని పదుల గ్రాములు మాత్రమే పట్టును. పది గ్రాములు హెచ్చుతగ్గులైనను చలి కుదురదు. మరియు నది మండు వాయువు. ఆ పని జరుగునప్పుడు కిటికీలు తెరచి, పొయ్యి ఆర్పి, పిల్లలను అవతలికి పంపవలెను. తక్కెడ లేకుండ చేతియంచనాతో నింపబూనినచో అతనిని వారించి, ఆ కంపెనీవారి సేవాకేంద్రమునకు కబురుచేయుట మేలు.