ప్రభువు బల్ల దగ్గర మనిషి విలువ

మనిషి విలువను తేల్చేది ఏమిటన్న ప్రశ్నకు నిజాం పాలనలోని నల్లగొండ పల్లెల్లో ముఖ్యంగా రెండు జవాబులు వినిపించేవి: ఒకటి పుట్టిన కులం, రెండోది చేతిలో ఉన్న భూమి. ఈ రెండు లెక్కల్లోనూ అట్టడుగున పడినవారికి వెట్టిచాకిరీ, అంటే దొరకూ గ్రామాధికారికీ కూలి లేకుండా చేసిపెట్టే పని, పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. సూర్యాపేట, మిర్యాలగూడ, వేములపల్లి ప్రాంతపు మాదిగ, మాల వాడల్లో క్రైస్తవ విశ్వాసానికి దక్కిన ఆదరణను అర్థం చేసుకోవాలంటే ఈ పరిస్థితిని ముందు గుర్తుంచుకోవాలి.

క్రైస్తవ బోధ ప్రకారం మనిషి విలువ అతడు సంపాదించుకున్నది కాదు. దేవుడు మనిషిని తన స్వరూపంలో సృష్టించాడని బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండము చెబుతుంది. అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు చూపే దయను విశ్వాసులు కృప అంటారు. సంపాదించుకున్న విలువ పంట పోయినప్పుడో, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో, ఉద్యోగం ఊడినప్పుడో చేజారుతుంది గానీ, కృపవల్ల దక్కిన విలువకు ఆ భయం ఉండదన్నది ఈ బోధలోని అసలు తర్కం. దీనికి జోడుగా పిలుపు అనే భావన ఉంది: ప్రతి మనిషినీ దేవుడు ఏదో ఒక పనికోసం పిలిచాడని, ఆ పని పాస్టరు ఉద్యోగమే కానక్కరలేదని దాని అర్థం. వినడానికి ఇదంతా వేదాంతంలా తోచవచ్చు గానీ, తెలుగు నేల మీద ఇది తిండి, పని, చదువు వంటి రోజువారీ వ్యవహారాల్లోనే పరీక్షకు నిలిచింది.

ఒంగోలు ప్రాంతపు చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య, అంతకుముందే యోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది కూడా తృప్తి చెందని అన్వేషి, 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ చేత భార్య నాగమ్మతో సహా బాప్తిస్మం, అంటే నీటిలో ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారం, పొందాడు. అతని వెనుక వచ్చిన మాదిగలకు క్లఫ్ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి ఇవి చిన్న విషయాలుగానే కనిపిస్తాయి. అయితే వారానికి ఒకరోజు పని మానడమన్నా, విగ్రహపూజలో భాగమని జాతరలో డప్పు కొట్టనని చెప్పడమన్నా ఊరి పెద్దలకు అది ధిక్కారమే, ఎందుకంటే మాదిగ శ్రమ మీద తమ హక్కుకు హద్దు ఉంటుందన్న ఊహ కూడా వారికి కొత్త.

డబ్బుకోసం, తిండికోసం మతం మారారన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి జవాబుగా చెప్పదగిన వాస్తవం ఒకటుంది. 1876-78 నాటి కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు గానీ, ఆ కాలంలో బాప్తిస్మం ఇవ్వడాన్ని కావాలనే నిలిపివేశాడు. కరువు సహాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీటిలోకి దిగారు. ఆశ ఎవరి మనసులోనూ లేదని దీన్నిబట్టి చెప్పలేం. ఆశ ఒక్కటే కారణమైతే మాత్రం ఈ లెక్క కుదరదు.

నల్లగొండకు ఈ బోధ వచ్చిన దారి కొంత విచిత్రమైనది. రష్యా సామ్రాజ్యంలో నివసించిన జర్మన్ భాషీయులైన మెన్నోనైట్ బ్రదరన్ శాఖవారు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేయడానికి అబ్రహాం ఫ్రీసెన్‌ను పంపగా, ఆయన 1890 ప్రాంతంలో నల్లగొండలో స్థిరపడ్డాడు. సూర్యాపేట, జనగామ కేంద్రాలు ఆ తరువాత వచ్చాయి. ఈశాన్యాన డోర్నకల్‌లో, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేతులను వారి తలల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు కీడని పలికించేవాడు. అక్షరం రాని కూలిమనిషి కూడా ఇతరులకు చెప్పవలసిన కబురు తన దగ్గర ఉందని నమ్మడం, అంతవరకు ఆజ్ఞలు వినడమే తెలిసిన బతుకులో, మామూలు మార్పు కాదు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. ప్రభురాత్రి భోజనాన్ని, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారాన్ని, తెలుగు క్రైస్తవులు ప్రభువు బల్ల అంటారు. ఆ బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నవారు పెళ్లి సంబంధాల దగ్గర మాల, మాదిగలుగా విడిపోవడం, సంఘ పదవుల ఎన్నికల్లో కులం లెక్క చూడడం నేటికీ జరుగుతున్నదే. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యంలో గుడి తలుపుల బయట నిలబెట్టబడిన మనిషి వేదనను చెప్పాడు గానీ, చర్చి తలుపుల లోపలి అంతరాలూ ఆ వేదనకు దూరమైనవి కావు.

చట్టం సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు గానీ, క్రైస్తవులైన దళితులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గం కిందనే లెక్కకు వస్తున్నారు. ఈ ఉత్తర్వు మారాలని క్రైస్తవ సంఘాలు అడగడం న్యాయమే. ఆ కోరిక వినే చెవులు దొరకాలంటే, మనుషులందరూ దేవుని స్వరూపమేనని ప్రతి ఆదివారం బోధించే ఆ సంఘాలే ముందుగా తమ పెళ్లి పందిళ్లలోనూ, కమిటీ ఎన్నికల్లోనూ కులాన్ని వదిలి చూపాలి.