పసిబిడ్డ యూపిరి: ఎక్సురే చెప్పు సాక్ష్యము

అనకాపల్లిలోనైనను మరెచ్చటనైనను బిడ్డ పుట్టగానే ఇంటివారు చెవియొగ్గి వినగోరునది దాని తొలి యేడుపు. ఆ యేడుపుతోనే ఊపిరితిత్తులు గాలితో నిండి విచ్చుకొనును. కొందరు శిశువులకు అవి సరిగా విచ్చుకొనవు. కొందరికి విచ్చుకొనియు మరల ముడుచుకొనును.

ఈ యాపద ముఖ్యముగా రెండు విధములు. మొదటిది, తిత్తిలోని గాలిగదులు తెరచుకొనకుండుట. నెలలు నిండని బిడ్డలలో ఆ గదులను తెరచియుంచు సర్ఫాక్టెంటను పదార్థము చాలకపోవుటయే యిందుకు కారణమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. రెండవది, తిత్తికి చిల్లుపడి గాలి వెలికివచ్చి, రొమ్ముగూటిలో చేరి తిత్తిని అదుముట.

పైకి రెండును ఒక్కతీరుననే కనబడును: నిమిషమునకు 60కి మించిన శ్వాసలు, డొక్కలెగురుట, మూలుగు, పెదవులు నీలమగుట. చికిత్సలు మాత్రము వేరు. మొదటిదానికి గాలిని మెల్లగా లోనికి పంపవలెను. రెండవదానికి చేరిన గాలిని సూదితోనో గొట్టముతోనో తీయవలెను. ఒకదానికి మేలు చేయునది రెండవదానికి కీడు చేయవచ్చును.

1895లో రంట్జెన్ కనుగొన్న ఎక్సు కిరణములు ఈ భేదమును చూపును. పటములో గాలి నల్లగను, ముడుచుకొన్న తిత్తి తెల్లగను కనబడును. ఒక తిత్తి ముడుచుకొన్నచో గుండె ఆ ప్రక్కకు లాగబడును. వెలికివచ్చిన గాలి మిక్కుటమైనచో ఎదుటి ప్రక్కకు నెట్టబడును. సర్ఫాక్టెంటు చాలనిచో రెండు తిత్తులును మసకబారిన అద్దమువలె నుండును. ప్రాణాపాయస్థితిలో వైద్యులు పటమునకై ఆగక, రొమ్ముపై దీపకాంతి ప్రసరింపజేసియు గాలి జాడ గుర్తింతురు.

"నెత్తుటిగ్రుడ్డుకు ఎక్సురేయా?" యని పెద్దలు వెరచుట మే మెరుగుదుము. కాని ఒక రొమ్ముపటమున తగులు కిరణములు స్వల్పము; ప్రకృతినుండి కొలది దినములలో మనపై బడువాని పాటివే.

కావున తల్లులకు మా మనవి యిది. నెలలు నిండకమునుపే నొప్పులు వచ్చినచో వెంటనే వైద్యశాల చేరుడు. కాన్పుకు ముందు తల్లికిచ్చు సూదిమందు బిడ్డ తిత్తులకు బలమిచ్చును. రొప్పుచున్న బిడ్డ నోట పాలుగాని ఆముదముగాని పోయకుడు. చలి తగులనీయక రొమ్మున హత్తుకొని, 108 బండిని పిలువుడు. అనకాపల్లిలో ఎన్.టి.ఆర్. పేరిట ప్రభుత్వ వైద్యాలయము కలదు. విశాఖపట్టణమున 1923నుండి కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. నూకాలమ్మకు మ్రొక్కుకొనుడు; ఆ మ్రొక్కును బండిలో కూర్చుండియే మ్రొక్కుడు.