చూసేవాళ్లే పంచేవాళ్లు: యాంగోన్‌లో వీడియో ప్రసారం లెక్కలు

పీర్ మల్టీకాస్ట్ అంటే వీడియో చూస్తున్నవాళ్ల ఫోన్లు, కంప్యూటర్లే దాన్ని తోటి ప్రేక్షకులకు అందించే పద్ధతి. మామూలు స్ట్రీమింగ్‌లో సర్వర్ ప్రతి ప్రేక్షకుడికీ విడిగా ఒక ప్రతి పంపుతుంది. సెకనుకు 2 మెగాబిట్ల వీడియోను వెయ్యి మంది చూస్తుంటే సర్వర్ నుంచి సెకనుకు 2 గిగాబిట్లు బయలుదేరాలి. ఆ వెయ్యి మందీ ఒకే ఊళ్లో, సర్వర్ సముద్రం అవతల ఉండి, మధ్యలో నిల్వ సర్వర్ ఏదీ లేకపోతే ఒకే దృశ్యం వెయ్యిసార్లు సముద్రగర్భ కేబుల్ దాటుతుంది. మన పాతతరం రంగూన్ అని పిలిచే యాంగోన్ ఈ లెక్క సమస్యగా మారడానికి వీలున్న ఊరు.

మయన్మార్‌లో ఒకప్పుడు సిమ్ కార్డు సంపన్నుల వస్తువు. 2013లో టెలినార్, ఊరెడూ సంస్థలకు లైసెన్సులు దక్కాయి. మరుసటి ఏడాది వాటి సేవలు మొదలై సిమ్ ధర 1,500 క్యాట్‌లకు దిగింది. కంప్యూటర్ ముఖం చూడని జనం నేరుగా స్మార్ట్‌ఫోన్‌కు వచ్చేశారు. డేటా ఖర్చు తప్పించుకోవడానికి జాప్యా అనే యాప్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కు సినిమాలు, పాటలు పంచుకోవడం అలవాటైంది. అది ప్రత్యక్ష ప్రసారం కాదు. అయినా పక్క ఫోన్‌లో ఉన్నదాన్ని దూరం నుంచి మళ్లీ తెప్పించుకోవడం దేనికన్న ఆలోచన రెండింటికీ ఒకటే.

సర్వర్ భారం తగ్గించడానికి ప్రతులు తీసే పనిని నెట్‌వర్క్ రౌటర్లకే అప్పగించాలని స్టీవ్ డీరింగ్ 1980లలో ప్రతిపాదించాడు. 1989లో అది ప్రమాణంగా వచ్చింది గాని, వేర్వేరు కంపెనీల నెట్‌వర్క్‌లు దాటి ఇంటర్నెట్ అంతటా పాకలేదు. ప్రతి ప్రసార బృందం లెక్కా రౌటర్లు గుర్తుపెట్టుకోవాలి, పైగా ఖర్చు ఎవరిదో తేలదు. 2000లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పనిని రౌటర్ల నుంచి ప్రేక్షకుల యంత్రాలకు మార్చి చూపించారు. నాణ్యత సమస్య అక్కడే పుట్టింది. రౌటర్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, ప్రేక్షకుడు ఏ క్షణమైనా యాప్ మూసేస్తాడు.

తొలి పద్ధతుల్లో ప్రేక్షకులను చెట్టు ఆకారంలో పేర్చేవారు. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి. పైన ఒకరు తప్పుకుంటే కాలువకు ఎగువన గండి పడినప్పుడు శివారు భూములు ఎండినట్లు కింది వాళ్లందరికీ బొమ్మ ఆగిపోతుంది. ఇంకో లోపం పైకి కనిపించదు. ఇద్దరేసి చొప్పున పేర్చిన చెట్టులో సుమారు సగం మంది చివరి కొమ్మల మీదే ఉంటారు, వాళ్ల అప్‌లోడ్ శక్తి అంతా వృథా. 2003లో వచ్చిన స్ప్లిట్‌స్ట్రీమ్ వీడియోను పాయలుగా చీల్చి ఒక్కో పాయకు ఒక్కో చెట్టు కట్టింది. ఒక చెట్టులో అందుకోవడమే తప్ప పంచని యంత్రం మరో చెట్టులో పంచుతుంది. దానికి ఏడాది ముందు మైక్రోసాఫ్ట్‌లో వెంకట పద్మనాభన్, ఆయన సహచరులు కూప్‌నెట్‌ను రూపొందించారు. అందులో ఏ పాయ అందినా బొమ్మ కనిపిస్తుంది, ఎక్కువ పాయలు అందేకొద్దీ స్పష్టత పెరుగుతుంది. ఒక పాయ తెగితే బొమ్మ మసకబారుతుందే గాని ఆగదు. చూసేవాడి కోణం నుంచి ఇదే అసలు మెరుగుదల. కాస్త మసకను కన్ను ఓర్చుకుంటుంది, గిరగిరా తిరిగే చక్రాన్ని ఓర్చుకోదు.

2004 ప్రాంతంలో హాంగ్‌కాంగ్ పరిశోధకుల కూల్‌స్ట్రీమింగ్ అసలు చెట్టునే వదిలేసింది. వీడియోను సెకను నిడివి ముక్కలుగా కోసి, తన దగ్గర ఏ ముక్కలున్నాయో ప్రతి యంత్రమూ కొందరు జతగాళ్లకు చెబుతుంది, లేనివి అడిగి తీసుకుంటుంది. కొద్దిమంది దగ్గరే ఉన్న అరుదైన ముక్కను ముందు తెచ్చుకోవడం ఇక్కడి కిటుకు. ఇలా అడిగి తెచ్చుకోవడంలో ప్రసారం కొన్ని సెకన్ల నుంచి నిమిషం దాకా వెనకబడుతుంది. సినిమాకు ఫరవాలేదు. క్రికెట్ మ్యాచ్‌లో మాత్రం పక్కింటివాళ్ల కేకే సిక్సర్ సంగతి ముందు చెప్పేస్తుంది.

ఏ పద్ధతైనా తప్పించుకోలేని లెక్క ఒకటుంది. సర్వర్ అప్‌లోడ్, ప్రేక్షకుల అప్‌లోడ్ అంతా కలిపి తల ఒక్కింటికి పంచితే వచ్చేది వీడియో వేగం కన్నా తక్కువ కాకూడదు. యాంగోన్‌లో ఎక్కువమంది మొబైల్ డేటా మీద ఉంటారు. అప్‌లోడ్ తక్కువ, పంచిన ప్రతి మెగాబైటుకూ డబ్బు ఖర్చు, బ్యాటరీ ఖర్చు. మొబైల్ కంపెనీలు అనేకమందిని ఒకే ఇంటర్నెట్ చిరునామా వెనక ఉంచడం వల్ల రెండు ఫోన్లు నేరుగా కలుసుకోలేకపోవచ్చు. అందుకే పంచే భారాన్ని ఫైబర్, వైఫై ఉన్న ఇళ్ల మీద పెట్టి, మొబైల్ ఫోన్లను అందుకోవడానికే పరిమితం చేయడం న్యాయం.

జతగాళ్లను ఎలా ఎంచాలన్నది ఇంకా చిక్కు ప్రశ్న. దగ్గరివాళ్లను ఎంచితే అంతర్జాతీయ లింకు ఆదా అవుతుందని పాఠం. కానీ యాంగోన్‌లో, ముఖ్యంగా 2021 సైనిక తిరుగుబాటు తర్వాత, కరెంటు కోత పేటల వారీగా వంతులేసుకుని వస్తుంది. ఒకే పేటలోని జతగాళ్లందరూ ఒకేసారి మాయమవుతారు. కాబట్టి ఎక్కువమందిని దగ్గర నుంచి, ఒకరిద్దరిని వేరే పేట నుంచి తీసుకుని, వెంటనే కావాల్సిన ముక్కలకు సర్వర్‌ను ఆసరాగా ఉంచుకునే మిశ్రమమే ఇక్కడ నిలుస్తుంది. వీపీఎన్ మరో తిరకాసు. 2021 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్‌ను నిషేధించాక జనం వాటి మీద ఆధారపడ్డారు. సింగపూర్ సర్వర్ గుండా వీపీఎన్ నడిపే వ్యక్తికి పక్క వీధి ముక్క కూడా సింగపూర్ మీదుగానే చేరుతుంది. అలాంటివాళ్ల విషయంలో పటం మీది దూరం కన్నా ముక్క వచ్చి చేరే సమయాన్ని కొలవడమే నమ్మదగినది.

ఆ ఏడాది మార్చిలో మొబైల్ డేటానే నిలిపేశారు. అంతకుముందు, ఫిబ్రవరిలో తిరుగుబాటు జరిగిన రోజుల్లోనే జనం ఇంటర్నెట్ లేకుండా బ్లూటూత్ మీద పనిచేసే బ్రిడ్జిఫై యాప్‌ను లక్షల్లో దించుకున్నారు. అది ఫోన్ల గొలుసు మీదుగా సందేశాలను దాటిస్తుంది. బ్లూటూత్ వేగం అక్షరాలకు చాలుతుంది. చేతులు మారుతూ సాగే ప్రత్యక్ష వీడియోకు మాత్రం చాలదు, ఎన్ని ఫోన్లు కలిసినా.