సముద్రపు నీటి వయస్సు చెప్పే అడుసు

బావి తవ్వించిన రైతుకు నేల పొరల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పైన నల్లమన్ను, దాని కింద సుద్ద, ఇంకా దిగితే ఇసుక. ఎంత లోతున వుంటే అంత పాత పొర. సముద్రం అడుగున కూడా ఇలాగే పొరలున్నాయి. శాస్త్రజ్ఞులు ఓడ మీద నుంచి బరువు కట్టిన పొడుగాటి ఉక్కు గొట్టాన్ని దించి, అడుసులో దిగబడనిచ్చి, పొరలు చెదరకుండా పైకి లాగుతారు. నడిసముద్రంలో వెయ్యేళ్ళకు కొద్ది సెంటీమీటర్ల అడుసే పేరుకుంటుంది. అందువల్ల ఒక్క మీటరు గొట్టంలో 10 వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర చిక్కుతుంది.

ఆ అడుసు చెప్పే సంగతుల్లో నీటి వయస్సు ఒకటి. నీటికి వయస్సేమిటని నవ్వవద్దు. అది గాలికి దూరమై ఎన్నేళ్ళయిందన్నదే దాని వయస్సు. ఉత్తర అట్లాంటిక్‌లోను, అంటార్కిటికా చుట్టుపక్కలను చలికి బరువెక్కిన ఉప్పునీరు అడుగుకు దిగి, మెల్లగా ప్రాకుతూ పోతుంది. ఉత్తర పసిఫిక్ లోతుల్లోని నీరు పైకి రాక వెయ్యేళ్ళు దాటింది.

ఇది లెక్కకట్టేదెలా? గాలిలో కార్బన్-14 అనే ఒక రకం కర్బనం అతి స్వల్పంగా వుంటుంది. 5,730 ఏళ్ళకు అది సగమైపోతుంది. దీనితో వయస్సు కట్టే పద్ధతి కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు విల్లర్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి లభించింది. పైన వున్న నీటికి గాలి నుంచి ఈ కర్బనం అందుతూ వుంటుంది. అడుగుకు దిగాక కొత్తది రాదు, వున్నది తరుగుతుంది. ఇప్పటి నీటినైతే సీసాలకెత్తి పరీక్షించవచ్చు. మరి 20 వేల ఏళ్ళ నాటి నీరు ఎక్కడ దొరుకుతుంది?

ఆ నీరు పోయినా గుల్లలు మిగిలాయి. ఫొరామినిఫెరా అనే ఇసుకరేణువంత జీవుల్లో కొన్ని పైనీటిలో తేలుతాయి, కొన్ని అడుగున బ్రతుకుతాయి. చుట్టూ వున్న నీటిలోని కర్బనంతోనే సున్నపు గుల్ల కట్టుకుంటాయి. చచ్చాక రెండు రకాలూ ఒకే పొరలో చేరతాయి. రెండూ ఒకే కాలం నాటివే అయినా, అడుగు జీవి గుల్ల ఎక్కువ పాతదిగా లెక్కకొస్తుంది. పైనీటి కన్నా అడుగు నీరు ఎంత పాతదో ఆ తేడా చెబుతుంది. అయితే గుల్లలను సూక్ష్మదర్శిని కింద తడికుంచెతో ఒక్కొక్కటే ఏరాలి. బియ్యంలో రాళ్ళేరే ఓపిక దీనిముందు ఏపాటి! పైగా వానపాములు పొలం మట్టిని కలిపినట్లు అడుగు పురుగులు పొరలను కలిపేస్తాయి. అందుకే అడుసు త్వరగా పేరుకునే చోట్లు వెతుకుతారు.

కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు ల్యూక్ స్కిన్నర్, ఆయన సహచరులు దక్షిణ అట్లాంటిక్ అడుసును పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. మంచుయుగంలో అంటార్కిటికా చుట్టూ తిరిగే లోతునీరు ఇప్పటికన్నా రెండింతలకు పైగా పాతదట. ఆ కాలంలో గాలిలోని 10 లక్షల పాళ్ళలో బొగ్గుపులుసు వాయువు 190 పాళ్ళే వుండేది. మంచు కరిగాక 280కి చేరేటట్లు చేసిన వాయువులో చాలాభాగం ఈ పాత నీటిలోనే దాగి వుండి, నీరు పైకి వచ్చినప్పుడు వెలువడిందని వారి అభిప్రాయం.

ఇప్పుడది 420 దాటింది. మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగోవంతును సముద్రమే మింగుతున్నది. మింగినది ఎన్నాళ్ళు లోపల నిలుస్తుందన్నది అడుగు నీటి నడకను బట్టి వుంటుంది. ప్రయోగశాలల్లో తడికుంచెతో గుల్లలేరుతున్నది ఆ నడక తేల్చడానికే.