విద్యాలయపు కంచ

తెలంగాణమున ‘కంచ’ యను మాటకు ప్రత్యేకార్థము కలదు. దున్నక, ఇండ్లు కట్టక, పశువుల మేతకై విడిచిన గడ్డినేల కంచ. హైదరాబాదు చుట్టుపట్ల ఊళ్ల పేర్లలో నేటికిని ఈ మాట నిలిచియున్నది. పసులకాపరికి అట్టి నేల ఆదరువు. లెక్కలు వ్రాయువారికి అది ఫలసాయము లేని బంజరు. ఒకే నేలను గూర్చిన ఈ రెండు చూపుల వివాదమే వేషము మార్చుకొని, 2025 లో గచ్చిబౌలి కంచలో, హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంత తలయెత్తినది.

1969, 1972 ఉద్యమముల పిదప కుదిరిన ఆరు సూత్రముల ఒప్పందమునకు ఫలముగా, 1974 లో పార్లమెంటు శాసనముచే ఈ విశ్వవిద్యాలయము వెలసినది. తొలినాళ్లలో అది ఆబిడ్సులో సరోజినీ నాయుడు నివసించిన ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనమున నడచినది. తరువాత నగరమునకు దూరముగా గచ్చిబౌలి యొద్ద దానికి 2,300 ఎకరములకు పైగా భూమి కేటాయింపబడినది. నాడు ఆ నేలను కోరువారు లేరు. నగరమే నడచివచ్చి దాని ప్రక్క నిలిచిన పిమ్మట, అడుగడుగునకు వెల కట్టువా రేర్పడిరి.

ఆ నేలలో నేమున్నది?

మొదట రాళ్లు. దక్కను పీఠభూమి గ్రానైటు శిలలు దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటివి. ఎండకు పగిలి, వానకు అరిగి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచిన ఆ గుండ్లలో ‘పుట్టగొడుగు రాయి’ ప్రసిద్ధమైనది. రాళ్ల సందులలో తుప్పలు, గడ్డి. పల్లములలో గేదెల చెరువు, నెమలి చెరువు. ఈ ఆవరణమున 734 జాతుల పూమొక్కలను, 220 కి పైగా పక్షిజాతులను పరిశీలకులు గుర్తించిరి. చుక్కల జింకలు, నెమళ్లు, నక్షత్రపు తాబేళ్లు ఇచట తిరుగాడును. చెట్టు బెరడులో కలిసిపోయి కంటికి కానరాని ఒక సాలీడు ఇచటనే తొలిసారి గుర్తింపబడి, 2010 లో శాస్త్రజ్ఞులచే ‘మురీషియా హైదరాబాదెన్సిస్’ అను పేరు పొందినది. మన నగరము పేరు మోయుచున్న ఆ చిన్నప్రాణికి చిరునామా బంజరు భూమియే.

ఇక నీరు. ఒక ఎకరముపై ఒక సెంటీమీటరు వాన కురిసిన దాదాపు 40 వేల లీటర్ల నీరగును. 400 ఎకరములపై అది కోటి అరువది లక్షల లీటర్లు. గడ్డియు వేళ్లును గల నేల అందులో కొంత ఇంకించుకొని, మిగిలినదానిని మెల్లగా చెరువునకు విడుచును. సిమెంటు పరచిన నేల దాదాపు అంతయు ఒక్కసారిగా వీధిలోనికి త్రోయును. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు వేలమంది ప్రాణములు బాసిన నగరమిది. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు ఆ విపత్తు పిమ్మట కట్టినవి. 2020 అక్టోబరులో వీధులే వాగులైన సంగతియు నగరవాసులు మరువలేదు. జలాశయము కట్టుట ఎంత అవసరమో, నీరింకు నేలను మిగుల్చుట అంత అవసరము.

వివాదము

ఈ 400 ఎకరముల కథ పాతది. 2003 లో నాటి ప్రభుత్వము వీనిని క్రీడాసదుపాయముల పేర ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చినది. 2006 లో ఆ కేటాయింపు రద్దయినది. ఏండ్ల తరబడి న్యాయస్థానములలో నడచిన వ్యాజ్యము 2024 లో ప్రభుత్వమునకు అనుకూలముగా ముగిసినది. భూమి తనదనియు, పరిశ్రమలు వచ్చిన యువకులకు ఉద్యోగములు దొరకుననియు ప్రభుత్వము వాదించినది. ఆ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఉద్యోగము కోరువారిలో ఆ విద్యార్థులును ఉన్నారు. అయినను భూమి ఎవరిదను ప్రశ్న వేరు, భూమి ఏమిటను ప్రశ్న వేరు. మొదటిదానికి దస్తావేజులు సమాధానము చెప్పును. రెండవదానికి నేలనే అడుగవలెను.

2025 మార్చి 30, ఉగాది నాడు, యంత్రములు కంచలో ప్రవేశించినవి. విద్యార్థులు అడ్డుపడిరి, పలువురు నిర్బంధింపబడిరి. ఏప్రిల్ 3 న సుప్రీంకోర్టు తనంతట తానే విషయమును చేపట్టి, చెట్ల నరికివేతను ఆపించినది. అప్పటికే సుమారు 100 ఎకరములలో పచ్చదనము నేలగూలినది. దానిని తిరిగి నిలుపు మార్గము చెప్పుమని న్యాయస్థానము ఏప్రిల్ 16 న ప్రభుత్వమును అడిగినది.

విద్యాలయముల బాధ్యత

ఈ తగవులో గమనింపదగిన విషయ మొకటి కలదు. తెల్లవారుజామున దుర్భిణి చేతబట్టి పక్షులను లెక్కించిన విద్యార్థులు, మొక్కలకు పేర్లు కూర్చిన ఉపాధ్యాయులు, ఏండ్ల తరబడి చేసిన పని అప్పటికి వినోదమువలె తోచియుండును. నేల బంజరా, వనమా యను ప్రశ్న వచ్చిననాడు ఆ పట్టికలే సాక్ష్యములైనవి. కనుక ప్రతి కళాశాలయు తన ఆవరణములోని చెట్టును, పిట్టను, బావి నీటిమట్టమును ఏటేట వ్రాసియుంచుట మేలు. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక దస్త్రము, ఓపిక గల ఒక అధ్యాపకుడు చాలును.

కళాశాలలలో పర్యావరణ దినమున మొక్కలు నాటి, ఛాయాచిత్రములు తీయించుకొనుట ఆచారమైనది. నాటుట మంచిదే. కాని గడ్డినేలలో ఎక్కడినుండియో తెచ్చిన చెట్లను నింపిన, ఆ గడ్డిని నమ్మిన పక్షికి నిలువ నీడ లేకపోవును. కొత్తది నాటుటకు ముందు ఉన్నదేదో తెలిసికొనవలెను. వసతిగృహముల మురుగునీరు శుద్ధిగాక చెరువున కలియకుండ చూచుట పది వనమహోత్సవముల పెట్టు.

విశ్వవిద్యాలయమును ఈ విచారణకు అతీతము కాదు. కంచను కాపాడుమని ప్రభుత్వమును కోరు విద్యాలయము, తాను క్రొత్త భవనమునకు ముగ్గు పోయునపుడును అదే ప్రశ్న తనకు తాను వేసికొనవలెను: ఈ చోట కట్టక తప్పదా? ఇదివరకే చదును చేసిన చోట కట్టరాదా? పరులకు చెప్పిన ధర్మము తన ఇంట పాటించినపుడే దాని మాటకు బలము చేకూరును. నరికిన చెట్ల మోళ్లనుండి చిగురు రావచ్చును, వానలు మంచిగ కురిసిన గడ్డియు మొలచును. యంత్రము పగులగొట్టిన గుండు మాత్రము మరల నిలువదు. ఈ తేడా తెలిసి మెలగు విద్యార్థులను తయారుచేయుట విద్యాలయమునకు పాఠ్యప్రణాళికలోని భాగమే కావలెను.