రాళ్లు ఏరినట్టే... క్వార్కును ఏరారు!

శామీర్‌పేట దాటి లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళితే చుట్టుపక్కలంతా మందుల కంపెనీలు, పరిశోధనశాలలే. జినోమ్ వ్యాలీ అంటే ఇదే కదా! అందుకే ఇక్కడ ఆడపిల్ల ఇంటర్ పాసయిందంటే చాలు, పక్కింటివాళ్ల సలహా సిద్ధం. "బీఫార్మసీలో చేర్పించండి వదినా, గుమ్మం ముందే ఉద్యోగం!"

మంచి సలహానే. కానీ పిల్ల "అమ్మా, నేను ఫిజిక్స్ చదువుతా" అంటే? "దానివల్ల ఒరిగేదేమిటే?" అని కసిరేముందు ఈ సంగతి కాస్త వినండి.

బియ్యపు గింజలో ఏముంది?

బియ్యపు గింజను పొడి చేస్తూ పోతే చివరికి మిగిలేవి పరమాణువులు. వాటి నడిమధ్య ప్రోటాన్లు. ప్రోటాన్ లోపల క్వార్కులు. ఈ క్వార్కులు ఆరు రకాలు. అయిదోది 1977లో దొరికింది. ఆరోది, అంటే టాప్ క్వార్క్, ఉండి తీరాలని లెక్కలు చెబుతున్నా ఏళ్ల తరబడి చేతికి చిక్కలేదు. ఒక్క రేణువే దాదాపు బంగారు పరమాణువంత బరువు మరి! పైగా పుట్టిన క్షణంలోనే విరిగిపోతుంది.

ఢీకొట్టి, ఏరి...

అమెరికాలో షికాగో దగ్గర ఫెర్మీ ల్యాబ్ ఉంది. అక్కడ ఆరు కిలోమీటర్ల పైచిలుకు చుట్టుకొలత ఉన్న సొరంగంలో ప్రోటాన్లనూ, వాటికి ప్రతిరూపాలైన యాంటీప్రోటాన్లనూ ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టించారు. ఆ వేగంలోని శక్తే కొత్త రేణువుల బరువుగా మారుతుంది. ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే.

టాప్ కంటికి కనబడదు. అది విరిగి చిమ్మిన ముక్కలను బట్టే పోల్చుకోవాలి. మూత తీయకుండానే వాసన చూసి పోపులో ఇంగువ పడిందని మనం చెప్పమూ? అలాగన్నమాట! అయితే సుమారు వెయ్యి కోట్ల ఢీలకు ఒక్కసారే టాప్ జంట పుడుతుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరే మనకు ఆ ఓపిక ఎంతటిదో వేరే చెప్పాలా? 1995 మార్చి 2న రెండు బృందాలు "దొరికింది" అని ప్రకటించాయి.

గోరఖ్‌పూర్ అమ్మాయి

అందులో డీ-జీరో బృందంలో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ, పంజాబ్ యూనివర్సిటీల వాళ్లూ ఉన్నారు. టాప్ కోసం వెతికినవారిలో మన దేశపు ఆడపడుచు మీనాక్షి నరైన్ ఒకరు. గోరఖ్‌పూర్‌లో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో ఎమ్మెస్సీ చేసి, 1991లో అమెరికాలో డాక్టరేట్ అందుకున్నారామె. 2022లో బ్రౌన్ యూనివర్సిటీ ఫిజిక్స్ శాఖకు తొలి మహిళా అధిపతి అయ్యారు. 2023 జనవరి 1న కన్నుమూశారు.

టాప్ క్వార్కుతో పప్పు ఉడకదు, నిజమే. కానీ ఇటువంటి పరిశోధనలు చేసే జెనీవాలోని సెర్న్‌లోనే, శాస్త్రజ్ఞులు సమాచారం పంచుకోవడానికని 1989లో వెబ్ పుట్టింది. ఈరోజు మన చేతి ఫోన్‌లో చూస్తున్నది దాన్నే!

చదువుకు దూరం పోనక్కర్లేదు కూడా. శామీర్‌పేట పక్కనే బిట్స్ హైదరాబాద్ క్యాంపస్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. రెండింట్లోనూ ఫిజిక్స్ ఉంది.

ఫార్మసీ వద్దని కాదు. ఫారం నింపేముందు పిల్లను ఒక్క మాట అడగండి, అంతే!