గళమునకు గ్రాసము

వాక్కు అమూల్యమని పెద్దలు చెప్పుదురు. అమూల్యమైన దానికి వెల కట్టలేకపోవుట సహజమే. కాని ఆ వాక్కును పలుకు మనిషికి ఆకలి ఉండుటయు అంతే సహజము. కథ చెప్పువాడు, పాట పాడువాడు, పాఠము చెప్పువాడు, వీరందరి యెదుట ఏనాడైనను నిలిచిన ప్రశ్న ఒక్కటియే. ఈ గళమునకు గ్రాసము ఎవరిత్తురు? అరచేతిలోని ఫోను లోకమంతటి మాటలను వినిపించుచున్న ఈ దినములలో ఆ పాత ప్రశ్న పాడ్‌కాస్టు అను కొత్త వేషమున మరల ముందుకు వచ్చినది.

తెలుగునాట ఈ ప్రశ్నకు మునుపు పలు సమాధానములుండెను. హరికథకుడు చిడతలు పట్టి రాత్రి ప్రొద్దుపోవువరకు కథ చెప్పగా, తుదకు హారతిపళ్లెము శ్రోతల నడుమ తిరిగెడిది. ఎవరి శక్తికొలది వారు అందులో కాసులు వేసెడివారు. ఇది వినువాడే ఇచ్చు పద్ధతి. హరికథా పితామహులని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగర సంస్థానము ఆదరము పొంది, 1919లో అచట నెలకొన్న సంగీత పాఠశాలకు తొలి ప్రధానాచార్యులైరి. ఇది ప్రభువు పోషించు పద్ధతి. రేడియో వచ్చిన పిమ్మట, ఇంట రేడియో ఉంచుకొన్నవారు ఏటేట ప్రభుత్వమునకు లైసెన్సు రుసుము చెల్లించెడివారు. ఇది ప్రభుత్వము నడుపు పద్ధతి. 1957లో పుట్టిన వివిధభారతి 1967లో వ్యాపార ప్రకటనలకు తలుపు తెరచెను. ఇది వర్తకుడు ఇచ్చు పద్ధతి. వినువాడు, ప్రభువు, ప్రభుత్వము, వర్తకుడు, ఈ నలుగురిని దాటి ఐదవ పోషకుడు నేటికిని పుట్టలేదు. పాడ్‌కాస్టు ద్వారా ఆదాయమెట్లు అను ప్రశ్నకు అర్థము, ఈ నలుగురిలో ఎవరి యెదుట చేయి చాపవలెనను విచారమే.

పాడ్‌కాస్టు అనగా ధ్వనిముద్రణము చేసి అంతర్జాలమున ఉంచిన కార్యక్రమము. రేడియో వలె దానికి నియమితమైన వేళ లేదు. శ్రోత తనకు తీరికయైనపుడు వినును. కొత్త భాగము వెలువడినంతనే అది కోరినవారి ఫోనునకు తనంత తానే చేరునట్లు ఒక ఏర్పాటు కలదు. 2004లో బెన్ హామర్స్‌లీ అను పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో వ్రాయుచు, ఐపాడ్ అను పరికరము పేరును, బ్రాడ్‌కాస్టు అను మాటను జోడించి, పాడ్‌కాస్టు అను పేరును సూచించెను. 2005లో యాపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చుటతో ఇది లోకమునకు పరిచితమయ్యెను. ద్వారమున టిక్కెట్టు లేదు, రుసుము లేదు. కష్టమెల్ల అచటనే ఉన్నది. వినుట ఉచితమైనను చేయుట ఉచితము కాదు. మైకు కొనవలెను, చప్పుడులేని గది వెదకవలెను, ముద్రించిన మాటలను కోసి కూర్చవలెను, వాటిని అంతర్జాలమున నిలుపుటకు అద్దె కట్టవలసి రావచ్చును. వీటన్నిటికంటె ప్రియమైనది కాలము.

ఆదాయమునకు అందరికిని మొదట తోచు మార్గము వ్యాపార ప్రకటన. 2014 అక్టోబరులో అమెరికాలో సీరియల్ అను పాడ్‌కాస్టు ప్రారంభమయ్యెను. 1999లో బాల్టిమోరులో జరిగిన ఒక హత్యకేసును శారా కోనిగ్ అను పాత్రికేయురాలు భాగములుగా పరిశోధించి చెప్పెను. దానికి మెయిల్‌చింప్ అను ఈమెయిలు సంస్థ ప్రకటన నిచ్చెను. పలువురు ఆ పేరును తమకు తోచినట్లు పలుకుచుండగా రికార్డు చేసిన చిన్న ప్రకటన అది. అందొక గొంతు దానిని తప్పుగా పలికిన తీరు శ్రోతల నోళ్ల నానెను. ప్రకటన సైతము కథతోపాటు జ్ఞాపకమున నిలుచుట వర్తకులకు కనువిప్పు కలిగించెను. అమెరికాలో పాడ్‌కాస్టు ప్రకటనల రాబడి 2021లో తొలిసారిగా 100 కోట్ల డాలర్లను దాటినది.

ఈ అంకెను చూచి మురియువారు మరియొక లెక్కను కూడ వేసికొనవలెను. ప్రకటనదారుడు సాధారణముగా వేయి డౌన్‌లోడులకు ఇంతయని చెల్లించును. లెక్క కొరకు ఆ ధర 500 రూపాయలని ఊహింపవచ్చును. ఒక పాడ్‌కాస్టుకు 500 మంది శ్రోతలు కలరనియు, నెలకు 4 భాగములు వెలువడుననియు అనుకొన్నచో, నెలకు 2,000 డౌన్‌లోడులగును. రాబడి 1,000 రూపాయలు. ఆ 500 మందిలో 25 మంది మాత్రమే నెలకు 100 రూపాయల వంతున ఇచ్చినచో రాబడి 2,500 రూపాయలు. లక్షల శ్రోతలు గలవానికి ప్రకటన మేలు. వందల శ్రోతలు గలవానికి ఆత్మీయులు మేలు. చిన్న కార్యక్రమములకు అందుబాటులో నుండు ప్రకటన మరియొక రీతిది. వర్తకుడు ఒక సంకేతపదమునిచ్చును. శ్రోత ఆ పదము వాడి వస్తువు కొన్నచో, పాడ్‌కాస్టు నడుపువానికి కొంత కమిషను ముట్టును. కొనుగోలు లేనిచో కమిషనును లేదు.

రెండవ మార్గము శ్రోతల విరాళము. రోమన్ మార్స్ అను రేడియో కళాకారుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో 2010లో ‘99% ఇన్విజిబుల్’ అను కార్యక్రమమును ప్రారంభించెను. కట్టడముల వెనుకను, నిత్యము వాడు వస్తువుల వెనుకను దాగిన ఆలోచనలను వివరించుట దాని పని. 2012లో అతడు కిక్‌స్టార్టర్ అను వేదికపై శ్రోతలను సాయమర్థించగా 1,70,000 డాలర్లకు పైగా సమకూడెను. మరుసటి యేట అట్టి విన్నపమునకే 3,75,000 డాలర్లకు పైగా వచ్చెను. హారతిపళ్లెము సముద్రము దాటి తిరిగినదనవచ్చును. ఇచ్చినవారిలో ఎవరును ఇవ్వవలసిన నిర్బంధము లేదు. ఇవ్వకున్నను వారికి ఆ కార్యక్రమము వినబడెడిదే.

ఒక్కసారి అడుగు విరాళముకంటె నెలనెల వచ్చు చందా నిలకడైనది. జాక్ కాంటి అను సంగీతకారుడు, శామ్ యామ్ తోడ్పాటుతో, 2013లో పేట్రియాన్ అను సంస్థను స్థాపించుటకు కారణము ఇదియే. ఎంతో వ్యయప్రయాసల కోర్చి చేసిన వీడియోలకు ప్రకటనల వలన వచ్చెడి సొమ్ము స్వల్పమని అతనికి అనుభవమైనది. అభిమానులు నేరుగా నెలకింతయని ఇచ్చు వేదిక అట్లు పుట్టినది. 2021లో యాపిల్ సంస్థ కూడ పాడ్‌కాస్టులకు చందా పద్ధతి నెలకొల్పెను. ఆ పద్ధతిలో ఒక్కొక్క చందాదారుని నుండి మొదటి యేడాది వచ్చు సొమ్ములో నూటికి 30 వంతులు, పిమ్మట 15 వంతులు సంస్థ ఉంచుకొనును. చందాదారులకు ప్రత్యేక భాగములు, ప్రకటనలు లేని ముద్రణలు ఇచ్చుట వాడుక. అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో ఒక వ్యాసమున, ఏడాదికి 100 డాలర్ల వంతున వెచ్చించు వేయిమంది నిజమైన అభిమానులున్నచో కళాకారుడు బ్రదుకగలడని లెక్క చెప్పెను. వేయిమందిని వెదకుట తేలిక కాదు. కాని లక్షమందిని వెదకుటకంటె అది మానవసాధ్యము.

ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపదగినది మూడవ మార్గము. మైక్ డంకన్ అను అమెరికా యువకుడు 2007లో రోము చరిత్రను పాడ్‌కాస్టుగా చెప్పుట ప్రారంభించి, 2012 వరకు విడువక చెప్పెను. పిమ్మట విప్లవముల చరిత్రను చేపట్టెను. అతని మాట విన్నవారే అతని వెంట చరిత్రస్థలములకు యాత్రలు చేసిరి. 2017లో రోము గణరాజ్య పతనారంభముపై అతడు వ్రాసిన గ్రంథమును కొనినవారిలోను ఆ శ్రోతలు కలరు. 2012లో మొదలైన ‘వెల్‌కమ్ టు నైట్‌వేల్’ అను కల్పిత కథల పాడ్‌కాస్టు కూడ ఊరూర వేదికలపై ప్రదర్శనలిచ్చి టిక్కెట్ల వలన సంపాదించెను. దాని కర్తలు 2015లో అదే పేర నవలయు వెలువరించిరి. వీరి పాడ్‌కాస్టు దుకాణము కాదు, దుకాణమునకు దారి చూపు దీపము. తెలుగు వ్యాకరణమునో, భౌతికశాస్త్రమునో చక్కగా చెప్పగలవారికి పుస్తకము, ఉపన్యాసము, శిక్షణ తరగతి అట్టి ఫలములు కావచ్చును.

ఇక ప్రభువు పోషించు పద్ధతియు పోలేదు. నేటి ప్రభువులు పెద్ద సంస్థలు. 2019లో స్పాటిఫై సంస్థ గిమ్లెట్ అను పేరుగల పాడ్‌కాస్టు నిర్మాణశాలను కొనెను. 2023లో ఆ నిర్మాణశాలను మరియొకదానితో కలిపివేసి, సుమారు 200 మంది ఉద్యోగులను తొలగించెను. శ్రోతల కాసులతో పెరిగిన ‘99% ఇన్విజిబుల్’ సైతము 2021లో ఒక పెద్ద రేడియో సంస్థ చేతికి పోయెను. ఆస్థానమున భద్రత కలదు. కాని ప్రభువు మనసు మారిననాడు కవి పల్లకి దిగవలసినదే.

ఈ మార్గములన్నిటి వెనుక అమ్ముడగు సరకు ఒక్కటియే. అది శ్రోతకు వక్తపై గల విశ్వాసము. చెవిలో ఒంటరిగా వినబడు గొంతు స్నేహితుని గొంతు వలె తోచును. ఆ గొంతుతోనే ఒక మందును గాని, కోచింగు కేంద్రమును గాని పొగడి, సొమ్ము పుచ్చుకొన్న సంగతి దాచినచో అది స్నేహద్రోహమగును. మన దేశమున ప్రకటనల ప్రమాణములను చూచు మండలి 2021లో నిబంధనలను వెలువరించెను. వాటి ప్రకారము సొమ్ము పుచ్చుకొని చేసిన ప్రచారమును ప్రకటనయని స్పష్టముగా చెప్పవలెను. చెప్పినందున నష్టము లేదు. దాచినది బయటపడిననాడు మాత్రము గొంతు ఉన్నను వినువారుండరు.

పరుల సొమ్ము విషయమునను జాగ్రత్త వలయును. తెలుగు కథలను చదివి వినిపించుట ఎందరికో ఇష్టమైన పని. మన కాపీరైటు చట్టము (1957) ప్రకారము రచయిత మరణానంతరము 60 ఏండ్లవరకు రచనపై హక్కు అతని వారసులదిగా ఉండును. 1915లో గతించిన గురజాడవారి రచనలను ఎవరైనను చదువవచ్చును. 1979లో గతించిన చలముగారి రచనలకు 2039 ముగియువరకు అనుమతి కావలెను. సినిమా పాటను ముక్కగా కత్తిరించి ఆరంభమున అతికించుటకును ఈ న్యాయమే వర్తించును. ఇతరుల గ్రాసమును లాగుకొని తన గళమును పోషించుకొనుట ధర్మము కాదు.

విద్యార్థులకు ఒక మాట. 18 ఏండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందము చట్టము ముందు చెల్లదు. కావున ప్రకటనదారులతో వ్యవహారము తలిదండ్రుల ద్వారా జరుగవలెను. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు తమ సేవానియమములను చూచుకొని, అవసరమైన అనుమతిని ముందుగా పొందుట క్షేమము. వచ్చిన ప్రతి రూపాయికి లెక్క వ్రాసి ఉంచుటయు, ఆదాయపు పన్ను పత్రమున చూపుటయు మరువరాదు.

తొలి యేడాది రాబడి లేకున్నను విసుగు చెందక, చెప్పిన దినమున చెప్పిన భాగమును వెలువరించువానికే శ్రోతలు నిలుతురు. నలుగురు పోషకులలో ప్రతివాడును ఇచ్చినదానికి బదులుగా ఏదో ఒకటి కోరును. వర్తకుడు జనసంఖ్యను కోరును. ప్రభువు యాజమాన్యమును కోరును. ప్రభుత్వము తన నియమములకు లోబడుమనును. వినువాడు కోరునది మాత్రము నిజాయితీ గల మంచి మాట. ఎంత వచ్చునని అడుగుటకు ముందు, ఎవరి కోరికను తీర్చి నిద్రపోగలనని తన్ను తాను అడిగికొన్నవానికి మార్గము తెలియును. మిగిలినది ఓపికకు సంబంధించిన లెక్క.